దేవరెద్దుకు తాడు

మా నాయన ప్రాణం ఒక కోడె మెడకు తాడు లేకపోవడం మీద నిలబడి ఉందని ఆయన నాలుగేళ్లు గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేసేదాన్ని. కానీ ఆ కోడెను చేత్తో మేపి పెంచింది నేనే కాబట్టి ఎగతాళి కూడా కొంచెం మెల్లగానే చేసేదాన్ని.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన అనంతపురంలో ఆసుపత్రి పాలై పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. నన్ను లోపలికి పోనీయలేదు. నర్సమ్మ తన ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది. మాట్లాడ్డానికి ఊపిరి చాలని మనిషి, నేను ఎట్లున్నావు నాయనా అని అడిగితే, తన మొక్కు సంగతి చెప్పాడు.

"మన ముసలావు దూడను స్వామికి ఇస్తానని మొక్కుకున్నా. దానికి ముక్కు పొడిపియ్యాకు. తాడు ఎయ్యాకు."

అంతే, ఫోన్ పెట్టేశారు. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. పక్క మంచాల మీది వాళ్లు పోతుంటే మా నాయన బతికి ఇంటికొచ్చాడు. ఇక ఆ మొక్కును కాదనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు లేకపోయింది.

మాది బత్తలపల్లి నుంచి ముదిగుబ్బ వైపు పోతుంటే రోడ్డుకు లోపలగా ఉండే ఊరు. నేను పెళ్లయినా ఊరు వదల్లేదు. మా ఇంటాయన తాడిపత్రిలో బండల పాలిష్ పనికి పోయి వారానికోసారి వస్తాడు. అమ్మ లేదు. ఇంట్లో నాయనా నేనూ, ఆవులూ. శెనక్కాయ పంట వానను బట్టి వస్తుంది, లేకపోతే లేదు. పాలు మాత్రం పొద్దునా సాయంత్రమూ వస్తాయి, కాబట్టి మా ఊళ్ళో ఆడవాళ్ల బతుకంతా ఆవు పొదుగు మీదే ఉంటుంది.

దూడకు ఏడాది దాటాక మా ఊరి స్వామి గుడి ముందు తొడ మీద ముద్ర వేసి వదిలారు. ఆ రోజు నుంచి అది దేవరెద్దు. దేవరెద్దును కట్టేయకూడదు, కొట్టకూడదు, అమ్మకూడదు, వృషణాలు నొక్కించకూడదు. ఎవరి చేలో పడినా దండం పెట్టి "పో స్వామీ" అనాలి. మా కోడె ఆ మర్యాదలన్నీ బాగా వంటబట్టించుకుంది. కందిచేలో పొద్దుపోయేదాకా మేసి, నేను "రారా" అని కేకేస్తే దుమ్ము లేపుకుంటూ వచ్చి బెల్లం ముక్క కోసం నా చెయ్యి నాకేది. ఊరందరికీ దేవుడు, నాకు మాత్రం తిండిపోతు.

అది ఎదిగాక ఊళ్ళో ఆవులన్నీ దాని దగ్గరికే పోయాయి. అంతకుముందు ఆవు ఎదకొస్తే ఫోన్ చేసి చూలు కట్టడానికి సూది వేసే అతన్ని పిలిచేవాళ్లం. అతను పొద్దున పిలిస్తే సాయంత్రం, సాయంత్రం పిలిస్తే మరునాడు వచ్చేవాడు. దేవరెద్దుకు ఫోన్ అక్కర్లేదు. టెంకాయ కొడితే చాలు. పైగా స్వామి సొత్తు కాబట్టి పుట్టే దూడ మంచిదవుతుందని ఒక మాట పుట్టింది. ఆ మాట పుట్టించిన వాళ్లలో నేనూ ఉన్నాను. మా కోడె గొప్ప చెప్పుకోవడం నాకు ఇష్టంగా ఉండేది, దాపరికమెందుకు.

మొదట తేడా వచ్చింది మా ఎర్రావుకే. అది ముసలావు బిడ్డ కాదు, కదిరి పక్కనుంచి కొని తెచ్చుకున్నది. ఒక ఈత బాగా ఈనింది. తర్వాత దేవరెద్దుకు దాటిస్తే చూలు కట్టలేదు. మళ్ళీ ఎదకొచ్చింది, మళ్ళీ దాటించాం. మళ్ళీ వచ్చింది. ఒళ్ళు నిగనిగలాడుతోంది, మేత తింటోంది, రోగమనేది లేదు. ఏడాది గడిచింది. "దీనికి గర్భసంచిలో ఏదో ఉండాది, ఇది గొడ్డుపోయింది" అని నాయన తేల్చేశాడు. నేను కూడా దాన్ని గొడ్డుది అని తిట్టాను. ఒకరోజు పాల తపేలా కాలితో తన్నితే "ఈనే ముఖం లేదు గానీ పొగరుకు తక్కువ లేదు" అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నాయన దాన్ని సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. గొడ్డావును ఎవరు కొంటారో, ఎక్కడికి తోలుకుపోతారో మాకు తెలుసు. తెలిసే అడగలేదు.

ఆ ఏడాదే ఊళ్ళో ఇంకో మూడిళ్ల ఆవులు అట్లే సంతకు పోయాయి. ఆవు కట్టకపోతే ఆవునే అనుమానించాం. మేత మార్చాం, తాయెత్తు కట్టాం, కొందరు వాటి మీద వేపమండలు తిప్పారు. ఎద్దు వైపు మాత్రం ఎవరూ చూడలేదు. దేవుడి పేరున్న దాన్ని చూసి దండం పెడతాం గానీ, నీకేమన్నా జబ్బా అని అడుగుతామా?

మా పక్కిల్లు చిన్నమ్మది. చుట్టరికం లేదు, వరసకు అలా పిలుస్తాను. భర్త పోయాక ఒక్క ఆవు మీద బతుకుతోంది. ఆదివారం చర్చికి పోయే మనిషి, నోట్లోంచి మాట గట్టిగా రాదు. ఆమె నల్లమచ్చల ఆవును దూడగా ఉన్నప్పుడు తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచుకుంది. ఆ ఆవూ దేవరెద్దుకే దాటింది, కట్టింది కూడా. ఐదో నెలలో ఒకరోజు పొద్దున కొట్టంలోంచి చిన్నమ్మ పిలుపు వినిపించి పోయాను. నేల మీద పిల్లి అంతే ఉన్న దూడ, వెంట్రుకలైనా రాలేదు. నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చిన్నమ్మ దాన్ని గోనెసంచిలో చుట్టి తనే పూడ్చింది. ఆ తర్వాత ఆవు మూడుసార్లు ఎదకొచ్చి, మూడుసార్లూ కట్టలేదు. పాలు ఎండిపోయాయి. చిన్నమ్మ శెనక్కాయలు వలిచే కూలికి పోవడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం మా గడప దగ్గర నిలబడి నాయనతో అంది: "అన్నా, వచ్చే సంతకు నా ఆవును గూడా తోలుకపోతావా? నేనైతే తోలలేనన్నా, మధ్యలోనే వాపసు తెచ్చుకుంటా."

నాయన తలూపాడు. సంతకు ఎనిమిది రోజులుంది.

ఆ ఎనిమిది రోజుల్లోనే గాలికుంటు టీకాలు వేయడానికి పశువుల డాక్టరమ్మ ఊరికొచ్చింది. కృష్ణా జిల్లా పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మా మాట ఆమెకు సగం అర్థమయ్యేది కాదు, కానీ అర్థం కాకపోతే మళ్ళీ అడిగేది, నాకు అది నచ్చింది. ఊరి బయట టీకాల కోసం నాటిన ఇనుప చట్రం దగ్గర, చిన్నమ్మ ఆవు వంతు వచ్చినప్పుడు నేను కథంతా చెప్పాను.

"మళ్ళీ ఎదకు సరిగ్గా మూడు వారాలకే వస్తోందా?" అని అడిగింది.

పాల కేంద్రం వాళ్లిచ్చిన క్యాలెండర్ మీద చిన్నమ్మ కోసం నేనే గుర్తులు పెట్టేదాన్ని. "లేదు మేడం. ఒకతూరి నెలా పదిదినాలకు, ఇంకోతూరి రెండు నెలలకు."

"ఊళ్ళో మిగతా ఆవులు?"

"అన్నీ ఇట్లే."

"అన్నింటికీ ఒకటే ఎద్దా?"

అవునన్నాను, ఆ ఎద్దు ఎవరింటిదో కూడా చెప్పాను.

ఆమె మొదట ఆవుల రక్తం తీసి, ఈసుకుపోయేలా చేసే మామూలు రోగం కోసం పరీక్ష చేయించింది. అది లేదని వచ్చింది. అప్పుడు చెప్పింది, క్యాంపిలోబ్యాక్టర్ అని ఒక సూక్ష్మజీవి ఉందట. దాని జాతిలో కొన్ని పశువుల పేగుల్లో ఉండి పారుడు తెప్పిస్తాయి. ఇంకో రకం ఎద్దు మర్మాంగం మీది తోలు మడతల్లో కాపురం పెడుతుంది. ఎద్దుకు ఏమీ కాదు, చూడ్డానికి పహిల్వానులా ఉంటుంది. దాటిన ప్రతి ఆవుకూ అంటిస్తుంది. ఆవు గర్భసంచిలో వాపు వచ్చి, కట్టిన పిండం కొన్ని వారాలకే కరిగిపోతుంది. అందుకే మూడు వారాలకు కాక ఆలస్యంగా ఎదకొస్తుంది. ఒక్కోసారి ఐదారు నెలలకు ఈసుకుపోతుంది.

"ఆవుకు మందు?" అన్నాను.

"చాలావరకు అక్కర్లేదు. ఆర్నెల్లు ఆ ఎద్దును దగ్గరికి రానీయకండి. దానంతట అదే బాగవుతుంది. తర్వాత సూదితో కట్టించుకోవచ్చు. ఎద్దే ప్రమాదం, అది జీవితాంతం మోస్తుంది."

మా ఎర్రావు సంగతి అడిగాను. అదీ ఆర్నెల్లు ఆ ఎద్దుకు దూరంగా ఉంటే కట్టి ఉండేదే అంది. ఆ మాటను ఇంటికి తీసుకుపోయి ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా నాయనకు.

చిన్నమ్మను మాత్రం కూర్చోబెట్టి, సంత ఆపమన్నాను. "ఎద్దు పరీక్ష తేలేదాకా ఉండు చిన్నమ్మా."

"ఎద్దునా? మీ స్వామెద్దునా?" అని ఆమె భయంగా చుట్టూ చూసింది. "నేనంటే బాగుండదమ్మా. వేరే దేవుణ్ణి మొక్కేదాన్ని, మీ స్వామిదాన్ని అనుమానం పడిందంటారు. నువ్వే సూడు."

అంటే నేనే చూడాలి. ఎద్దును పరీక్షించాలంటే దాని తోలు మడతల్లోకి ఉప్పునీళ్లలాంటివి ఎక్కించి, పిసికి, ఆ కడుగునీళ్లు పట్టాలి. కట్టేయకుండా ఎట్లా? నాయనతో చెబితే అరుగు మీదినుంచి లేచి నిలబడ్డాడు.

"తాడు పడితే నేను పోతా మే. ఆ దినం నా ఊపిరి నాకు ఇడ్సిపెట్టినాడు స్వామి, దాన్ని ఇడ్సిపెడితేనే."

"నాయనా, చిన్నమ్మకు ఉండేది ఒకే ఆవు."

"నాకు ఉండేదీ ఒకే ప్రాణం."

డెబ్బై దాటిన మనిషి, ఊపిరందక చావు చూసొచ్చినవాడు. మూర్ఖుడని తిట్టుకున్నాను, పైకి అనలేకపోయాను. గుడి పెద్దమనిషి దగ్గరికి పోయాను. ఆయన గంటసేపు ఆలోచించి, ఇనుప చట్రంలోకి ఎద్దు తనంతట తాను పోతే, వెనక కడ్డీ వేస్తే, అది తాడు వేసినట్టు కాదని తీర్పు చెప్పాడు. కడ్డీ తాడు కాదు కదా అని నాయన కూడా ఒప్పుకున్నాడు. ఇంత పెద్ద ధర్మసూక్ష్మం ఒక ఇనుప కడ్డీతో తీరిపోతుందని నేననుకోలేదు.

బెల్లం చేత్తో పట్టుకుని ముందు నడిచాను. దేవుడు నా వెనకే చట్రంలోకి వచ్చాడు. నేను గంగడోలు కింద గోకుతుంటే కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ వంగి పని కానిచ్చింది. కడుగునీళ్లను ఐసు డబ్బాలో పెట్టి ప్రయోగశాలకు పంపింది.

మొదటిసారి ఏమీ లేదని వచ్చింది. నాయన ఊరంతా చెప్పుకున్నాడు. "స్వామెద్దుకు రోగమంట, రోగం! చదువుకున్నోళ్లు చెప్తే మా బిడ్డ నమ్మింది" అని నవ్వాడు. నలుగురూ నా వైపు చూసి నవ్వారు. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఈ జీవి ఒకసారి దొరక్కపోయినా ఉండొచ్చు, మూడుసార్లు చూడాలని. నేను మళ్ళీ బెల్లం కొన్నాను. ఈలోగా రెండు సంతలు గడిచిపోయాయి. చిన్నమ్మ కూలి నుంచి వచ్చి ఆవుకు తన వంతు గంజి పోయడం గోడ మీదుగా నాకు కనపడేది.

రెండోసారి దొరికింది.

కాగితం నాయనకు చదివి వినిపించాను. ఆయన తల తిప్పుకున్నాడు. "కాగితంలో ఏమన్నా రాస్తారు" అన్నాడు. మూడు రోజులు నేను పెట్టకముందే తన సంగటి తానే పెట్టుకుని తిన్నాడు. నేను ఎద్దును మా దొడ్లోకి పిలిచి తడిక మూసేదాన్ని, అది తడికను కొమ్ముతో ఎత్తి పక్కన పెట్టి పోయేది. ఎవరి కోడెనని గొప్ప చెప్పుకున్నానో, దాని బలం చూసి నాకే ఏడుపొచ్చేది.

నాలుగో రోజు పొద్దున చిన్నమ్మ ఆవు ఎదకొచ్చి అరుస్తోంది. ఆ అరుపు విని దేవరెద్దు ఎక్కడినుంచో వచ్చి ఆమె కంపతడక ముందు నిలబడింది. చిన్నమ్మ లోపల కసువు ఊడుస్తోంది. చీపురు పట్టుకుని ఎద్దుకూ ఆవుకూ నడుమ నిలబడింది. అదిలించదు, కొట్టదు. ఆ ఎద్దును కొట్టే హక్కు తనకు లేదనుకుంది. "పో సామీ, పో సామీ" అని మా దేవుణ్ణి మా మాటల్లోనే బతిమాలుతూ ఏడుస్తోంది. ఎద్దు కంపను తలతో నెడుతోంది.

నేను బెల్లం కోసం లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అరుగు మీద నాయన లేడు.

ఆయన చిన్నమ్మ తడక దగ్గరున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ఎద్దు మెడ చుట్టూ వేశాడు. ఎద్దు తల విదిలిస్తే పడబోయి నిలదొక్కుకున్నాడు. "పలుపు తీసకరా మే" అని నన్ను కేకేశాడు. నేను కదల్లేదు, నాకు భయమేసింది. ఆయన నమ్మకం మీద నాకు నమ్మకం లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. తాడు తేవాల్సిన ఆ క్షణంలో నాకూ ఉందని తెలిసింది.

"నాయనా, నేను కడ్తాలే, నువ్వు జరుగు."

"మొక్కింది నేను. నేనే కట్టాల."

పలుపు తెచ్చిచ్చాను. ముడి సరిగ్గానే వేశాడు. బెల్లం చూపించి నేనూ, పలుపు పట్టుకుని ఆయనా, దేవరెద్దును మా దొడ్డికి నడిపించి వేపమానుకు కట్టేశాం. నాయన నీళ్ళు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, మంచం వాల్చుకుని పడుకున్నాడు. పోవడానికి తయారై పడుకున్నాడని నాకు అర్థమైంది. పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాను. మధ్యాహ్నం రెండింటికి కళ్ళు తెరిచి, "ఆకలైతాండాది" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, లేచి సంగటి పెట్టాను.

పోలేదు. నెల గడిచింది, పోలేదు. ఊళ్ళో కొందరు మా ఇంటి నీళ్ళు తాగడం మానేశారు, తర్వాత దాహమేసినప్పుడు తాగారు. ఎద్దును డాక్టరమ్మ మందునీళ్లతో కడిగి ఇంజెక్షన్లు వేసింది, అయినా ఆవుల్లోకి వదలొద్దని గట్టిగా చెప్పింది. వదల్లేదు. మేత నేను వేస్తాను, నీళ్లు నాయన పెడతాడు. పెట్టేటప్పుడు రోజూ దాని నుదురు తాకి కళ్ళకద్దుకుంటాడు.

చిన్నమ్మ ఆవు ఆర్నెల్లు ఉత్తిగా ఉంది. ఆ ఆర్నెల్లూ మా ఇంటి పాలలో చెంబెడు ఆమె ఇంటికి పోయాయి. తర్వాత సూది వేయించాం. మొదటి సూదికే కట్టింది. ఐదో నెల దాటేదాకా చిన్నమ్మ ఆవు పక్కనే చాప వేసుకుని పడుకుంది. నెలలు నిండి పెయ్యదూడ పుట్టింది, తల్లిలాగే నల్లమచ్చలది.

మూడో రోజు చిన్నమ్మ జున్ను చేసి, మూత పెట్టి మొదట మా ఇంటికే తెచ్చింది. "అన్నా, తిను. నీ చేత్తో కట్టిన దాని పుణ్యమే ఇది" అని నాయన చేతిలో గిన్నె పెట్టి, నిలబడలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాయన రెండు ముద్దలు తిన్నాడు. దొడ్లో వేపమాను కింద ఎద్దు మమ్మల్ని చూసి పలుపు లాగుతోంది.

"మే," అన్నాడు. "మన ఎర్రావు గూడా ఆర్నెల్లు ఆగింటే చూలు కట్టిండేదా?"

ఏడాదిన్నర దాచిన మాట. అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"కట్టిండేది నాయనా," అన్నాను.

ఆయన గిన్నె కింద పెట్టేశాడు. మళ్ళీ తినలేదు.

"దాని మెడకు తాడేసి సంతకు తోలుకపోయింది గూడా నేనే" అన్నాడు.